ఒక దెబ్బ తక్కువైన పాట

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మేం అద్దెకున్న బేస్‌మెంటు పైకప్పును మా ఓనరమ్మ రోజూ సాయంత్రం తన్నేది. ఆవిడకి అది వంటింటి నేల, మాకు నెత్తిమీది కప్పు. రెండు కాళ్ళతోనూ, మడమ ఒకసారి మునివేళ్ళు ఒకసారి, మార్చి మార్చి, ఏకధాటిగా తన్నేది. కింద మేం అయిదుగురం ఆడపిల్లలం. అందరం తెలుగువాళ్ళమే, అందరం కాలేజీలో చేరిన కొత్తే. ఆ తన్నుళ్ళకి అర్థమేమిటో మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నోళ్ళు మూసుకోమని.

ఆ ఏడాది ఊళ్ళో ఎటు చూసినా మాలాంటి వాళ్ళే. బస్సుల్లో మేమే, లైబ్రరీలో ప్లగ్ పాయింట్ల పక్కన మేమే. ఒక గోడౌన్‌లో పార్ట్ టైమ్ మనుషులు కావాలంటే లైను పార్కింగ్ లాటు దాటి రోడ్డు మలుపు తిరిగింది. ఇల్లు దొరకడం ఉద్యోగం కంటే గగనం. ముగ్గురం ఉందామని తీసుకున్న బేస్‌మెంటులోకి ఓనరమ్మని బతిమాలి ఇంకో ఇద్దర్ని చేర్చుకున్నాం. తా దూర కంత లేదు మెడకో డోలు అని మా అమ్మ ఫోనులో దెప్పింది. అలాంటప్పుడు పైనుంచి ఎవరైనా తన్నితే తల వంచుకోవడమే గాని, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

కాబట్టి మెల్లగా బతకడం మొదలుపెట్టాం. ముందు ఫోను మాటలు తగ్గించాం. తర్వాత మిక్సీ మానేసి పచ్చళ్ళన్నీ సీసాల్లోవే తిన్నాం. కుక్కరు విజిలు వేయబోతుంటే గరిటతో దాన్ని లేపి పట్టుకోవడానికి ఒక మనిషికి డ్యూటీ వేశాం. నిజామాబాద్ అమ్మాయి తుమ్మొస్తే దిండులో తుమ్మేది. అంతగా కుక్కిన పేనుల్లా పడి ఉన్నా, పైన తన్నుళ్ళు పెరిగాయే గాని తగ్గలేదు.

"ఇంకేం జేయాల్నే? ఊపిరి బంద్ జేయాల్నా?" అంది నిజామాబాద్ అమ్మాయి.

"పైకి పోయి సారీ చెప్పేస్తే సరిపోద్ది కదక్కా," అంది నెల్లూరమ్మాయి. మాలో అందరికంటే చిన్నది, అన్నిటికీ సారీ చాలనుకునే వయసు.

అందరికంటే పెద్దదాన్నని ఆ సారీ నా నెత్తిన పడింది. ఒక శనివారం మధ్యాహ్నం రవ్వ లడ్డూలు చేసి, పేపర్ ప్లేటులో పెట్టుకుని, నెల్లూరమ్మాయిని వెంటేసుకుని మెట్లెక్కాను. పైన తన్నుళ్ళు జోరుగా సాగుతున్నాయి. తలుపు తట్టినా వినబడలేదు. తీసే ఉంటే లోపలికి వెళ్ళాం.

వంటింటి మధ్యలో కర్ర కుర్చీలో ఓనరమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. గుండెకి ఆనించి ఫిడేలు. కళ్ళు మూసుకుంది. కాళ్ళ కింద పల్చటి చెక్క, దానిమీద నల్ల బూట్లు వాటి మానాన అవి ఆడుతున్నాయి. మమ్మల్ని చూశాక కూడా ఆపలేదు. పాట అయ్యేదాకా లడ్డూలు పట్టుకుని నిలబడ్డాం.

"హమ్మయ్య, మనుషులే ఉన్నారన్నమాట!" అంది ఆవిడ. "కింద చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. ఇల్లు ఖాళీ చేసి చెప్పకుండా పోయారేమో అనుకున్నాను. ఎవరూ లేరు కదా అని గట్టిగానే వాయించుకుంటున్నాను."

నెల్లూరమ్మాయి నావైపు చూసింది. ఆ రాత్రి భోజనంలోకి మిక్సీ వేసుకున్నాం.

ఆవిడది కెబెక్‌లో ఉత్తరాన అడవుల పక్క ఊరు. పెళ్ళయ్యాక భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇటు వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఇంట్లో మాట్లాడిన భాష ఫ్రెంచి. నాతో ఇంగ్లిష్. ఆవిడ ఇంగ్లిషూ నా ఇంగ్లిషూ రెండూ ఎరువు తెచ్చుకున్నవే కాబట్టి మాకు బాగా కుదిరింది. వాళ్ళవైపు ఫిడేలు వాయించేవాళ్ళు కూర్చుని వాయిస్తారట, కాళ్ళతో దరువు వాళ్ళే వేసుకుంటారట. డోలు కొనుక్కునే స్తోమత లేని వంటిళ్ళలో పుట్టిన పద్ధతి అని చెప్పింది.

"మా అక్క కూడా వాయలిన్ నేర్చుకుంది," అని నెల్లూరమ్మాయి ఆ పూటే నన్ను పట్టిచ్చేసింది. నిజమే, తెనాలిలో ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాను, మా అమ్మ కోరిక మీద. కెనడా వచ్చింది సప్లై చైన్ చదవడానికి, అందులో వాయలిన్ అవసరం రాదన్న నమ్మకంతో. ఓనరమ్మ వెంటనే ఫిడేలు నా చేతికిచ్చింది. నేను మా పద్ధతిలో నేలమీద బాసింపట్టు వేసి, దాని తల నా చీలమండ మీద ఆనించి, సరళీ స్వరాలు వాయించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"ఇది చేతికి కసరత్తు. పాటెప్పుడు?"

"మా మాస్టారు దీని దగ్గరే చాలా ఏళ్ళు ఉంచారు ఆంటీ."

"నేను నీకు ఆంటీని కాను," అంది. తర్వాత లడ్డూ తిని ఆ సంగతి వదిలేసింది.

అలా ఆదివారాలు పైకి వెళ్ళడం మొదలైంది. పుస్తకం లేదు, కాగితం లేదు. ఆవిడ వాయిస్తుంది, నేను విని వాయించాలి. తప్పితే ఫ్రెంచిలో "మళ్ళీ" అంటుంది. ఉరికితే "తొందరపడకు" అంటుంది. నాకు అందకపోతే "చూపించండి" అనాలి, అది కూడా ఫ్రెంచిలోనే. ఆ భాషలో నాకు గట్టిగా వచ్చిన ముక్కలు అవే. ఇంకో నియమం ఉంది. ఏ పాటైనా మొదలుపెట్టేముందు అది ఎవరి దగ్గర తీసుకున్నదో చెప్పాలి. ఇది ఫలానా ఊరి కమ్మరిది, ఇది మా మేనమామది, అలాగ. చెప్పకుండా వాయిస్తే వాళ్ళలో దొంగతనం కింద లెక్క.

ఒక పాటకి మాత్రం "మా నాన్నది" అని గబగబా అనేసి మొదలుపెట్టేది. మొదటి సగం హుషారుగా, సాఫీగా ఉంటుంది. రెండో సగంలో ఎక్కడో కాలు జారినట్టుండేది. ఒక ఆదివారం అది వింటుంటే నా కుడిచెయ్యి దానంతటదే తొడమీద తాళం వేస్తోంది. ఎనిమిదేళ్ళ అలవాటు, నేను వద్దన్నా ఆగదు. ఆది తాళంలో ఎనిమిదో దెబ్బ పడాల్సిన చోట పాట అప్పుడే తర్వాతి ఆవర్తంలోకి వెళ్ళిపోయింది.

"ఆంటీ, ఇక్కడ ఒక దెబ్బ తక్కువొస్తోంది."

ఆవిడ మళ్ళీ వాయించింది. మళ్ళీ తక్కువొచ్చింది.

"తక్కువ కాదు. అది అంతే," అని ఫిడేలు పెట్టెలో పెట్టేసింది. ఆ ఆదివారం పాఠం అంతటితో సరి. ఎనభై ఏళ్ళ మనిషికి, ఆవిడ వంటింట్లోనే, తాళం తప్పిందని చెప్పి వచ్చావా అని నిజామాబాద్ అమ్మాయి నన్ను తిట్టింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అనుకున్నాను నేను, బింకంగా.

తర్వాతి ఆదివారం ఆవిడ బంగాళాదుంపల చెక్కు తీస్తూ, నేను అడక్కుండానే చెప్పింది.

ఆవిడ చిన్నప్పుడు చలికాలం వస్తే మగవాళ్ళంతా చెట్లు కొట్టడానికి అడవి క్యాంపులకి పోయేవాళ్ళట, మళ్ళీ రావడం వసంతంలోనే. ఒక ఏడాది నాన్న అలా పోయాక తమ్ముడు పుట్టాడు. తల్లి మంచం పట్టింది. ఆడపిల్లలు నలుగురిలో ఈవిడే పెద్దది, పదకొండేళ్ళది. పసివాణ్ణి ఊపడం ఈవిడ పని. వాళ్ళ ఉయ్యాల మనలాగా దూలానికి వేలాడేది కాదు. నేలమీద పెట్టి కాలితో ఊపేది, అడుగున వంపు చెక్కలుంటాయి. ఆ వంటింట్లో ఒకచోట నేల పలక పైకి లేచి ఉందట. ఉయ్యాల మెల్లగా జరుగుతూ అక్కడికొచ్చేసరికి వంపు చెక్క ఆ పలకకి తగిలి, పూర్తిగా ఊగకుండానే వెనక్కి వచ్చేసేది. ఈవిడ ఒక కాలితో ఊపుతూ, రెండో కాలితో దరువేస్తూ, మాటల్లేకుండా నోటితో రాగం తీసేది. ఉయ్యాల తొందరగా వెనక్కొచ్చినప్పుడు రాగం కూడా తొందరగా వెనక్కొచ్చేది. చలికాలం అయ్యేసరికి అది పాటైంది.

వసంతంలో నాన్న వచ్చాడు. విన్నాడు. గోడకున్న ఫిడేలు దించి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దాని నోటివెంట ఆ పాట పట్టుకున్నాడు. ఆ దెబ్బ తక్కువతో సహా. "ఆ రోజంతా నాన్న నాతోనే ఉన్నాడు," అంది ఆవిడ. "అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అలా లేడు."

తర్వాత ఊళ్ళో ఎవరింట్లోనో డాన్సు జరిగింది. నాన్న ఆ పాట వాయించాడు. జనానికి నచ్చింది. ఎవరి దగ్గర తీసుకున్నావని అడిగారు, ఆనవాయితీ ప్రకారం. క్యాంపులో ఒక ఐరిష్ వాడి దగ్గర, అన్నాడు నాన్న. ఈవిడ తమ్ముణ్ణి చంకనేసుకుని ఆయన కుర్చీ పక్కనే నిలబడి ఉంది.

"అప్పుడేమైంది?" అన్నాను.

"ఏమవుతుంది? అందరూ డాన్సు చేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడో పోయిన ఆ ముసలాయన మీద, నేను చూడనైనా చూడని మనిషి మీద, అంత కోపం వస్తుందని అనుకోలేదు. "మరి మీరు కూడా 'మా నాన్నది' అంటారేం?" అని గట్టిగానే అడిగాను.

"నాది అంటే ఆయన అబద్ధం చెప్పాడని చెప్పినట్టు కదా. పోనీ. పేరు నాన్ననో, ఆ ఐరిష్ వాడినో ఉంచుకోనీ. ఆ తక్కువైన దెబ్బ ఉందే, అది నాది. దాన్ని ఎవరూ కదపలేదు. నాకది చాలు." దుంపలు నీళ్ళలో పడేసింది. "ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? మా కాలేజీలో అందరికీ వర్క్ పర్మిట్ తప్ప వేరే ఊసు లేదు.

ఏప్రిల్‌లో ఆ తమ్ముడు వచ్చాడు. ఆ ఉయ్యాలలో ఊగిన పసివాడికి ఇప్పుడు డెబ్బై. నీటుగా దువ్విన తల, గట్టిగా నవ్వే మనిషి. ఫిడేల్లో అక్కకంటే చెయ్యి తిరిగినవాడు, అది నాకే తెలిసిపోయింది. పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఫ్రెంచివాళ్ళ క్లబ్బు ఒక ఆదివారం డాన్సు పెట్టుకుంది, అక్కడ వాయించడానికి పిలిచారు. గిటారు వాయించే కుర్రాణ్ణి వెంట తెచ్చుకున్నాడు. ఆ రోజు వాయించింది రికార్డు చేసి, వాళ్ళవైపు నేర్చుకునే పిల్లలందరికీ పంపుతారట.

వచ్చిన మర్నాడు టీ తాగుతూ, "నాన్న పాట బాగుచేశానక్కా," అన్నాడు. నాకు కూడా తెలియాలని ఇంగ్లిష్‌లో అన్నాడు, మర్యాదస్తుడు. "ఐరిష్ పాటలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. అలా ఒక దెబ్బ ఎగిరిపోదు. నాన్న క్యాంపులో తాగి నేర్చుకుని ఉంటాడు, ఒకటి దారిలో పారేశాడు. నేను దాని చోట దాన్ని పెట్టేశాను. ఇక నుంచి పిల్లలందరూ సరిగ్గా వాయిస్తారు." అని వాయించి చూపించాడు.

సాఫీగా ఉంది. ఎనిమిదికి ఎనిమిది. మా మాస్టారు వింటే భుజం తట్టేవారు. ఓనరమ్మ టీ కప్పు వైపే చూస్తోంది.

"ఎప్పుడూ ఉన్నట్టే ఉండనీరా," అంది.

"కుంటుతుందక్కా. డాన్సు చేసేవాళ్ళు తడబడుతున్నారు." నావైపు తిరిగాడు. "ఈ అమ్మాయికి సంగీతం వచ్చన్నావుగా. నువ్వు చెప్పమ్మా, మా అక్క వాయించేదాంట్లో ఒక దెబ్బ తక్కువా కాదా?"

అడుసు తొక్కనేల కాలు కడగనేల. తక్కువ కాదంటే అబద్ధం, నా చెయ్యే ఒప్పుకోదు.

"తక్కువే అంకుల్," అన్నాను. ఆయన చెయ్యి చాపి, చూశావా అన్నట్టు అక్కవైపు చూశాడు. "కానీ పారేసింది కాదు," అన్నాను.

"మరెక్కడికి పోయింది?"

నేను ఓనరమ్మ వైపు చూశాను. ఎవరికీ చెప్పకంది కదా.

"నీ ఉయ్యాల కిందకి," అంది ఓనరమ్మ.

తర్వాత అంతా చెప్పింది. సగం ఇంగ్లిష్, సగం ఫ్రెంచి. పలక, ఉయ్యాల, ఫిడేలు, డాన్సు, ఐరిష్ వాడు. కోపంగా చెప్పలేదు. కూరలో ఏమేం వేసిందో చెప్పినట్టు వరసగా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక మాత్రం, "దీనికి సాక్ష్యం ఎవరు?" అన్నాడు.

"నువ్వే. నిద్రపోయావు."

ఆయన నవ్వలేదు. నాన్న అబద్ధమాడాడంటే నమ్మనని, ఆదివారం పాట తను బాగుచేసినట్టే వాయిస్తానని చెప్పి, ఫిడేలు తీసుకుని గరాజులోకి వెళ్ళిపోయాడు. ఓనరమ్మ లేచి కప్పులు కడిగింది. ఒకే కప్పుని చాలాసేపు కడిగింది. "చెప్పకుండా ఉండాల్సింది," అంది. "ఇప్పుడు ఆ దెబ్బా పోయింది, తమ్ముడూ దూరమయ్యాడు." నేను తుడిచే గుడ్డ అందుకున్నాను.

ఆ వారమంతా అక్కాతమ్ముళ్ళు ఒకే బల్ల దగ్గర తిని, ఉప్పు అందించుకోవడానికి తప్ప నోరు తెరవలేదు. ఆదివారం పొద్దున నేను ఫిడేలు పెట్టె కార్లో పెడుతుంటే ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నాన్న ఆ పాట మొదలుపెట్టగానే మా అమ్మ లేచి బయటికి పోయేది," అన్నాడు. "ఎంత చలిలోనైనా సరే. పాట నచ్చదేమో అనుకునేవాణ్ణి."

డిక్కీ ఆయనే మూసేశాడు.

క్లబ్బు హాల్లో బఠాణీ సూపు, మాంసం కూరిన రొట్టెలు పెట్టారు. నెల్లూరమ్మాయి వాటి కోసమే వచ్చింది, వచ్చి ఆ పని చక్కగా చేసింది. డాన్సుకి ఎనిమిదేసి మంది చదరంగా నిలబడ్డారు. ఓనరమ్మ నీలం గౌను వేసుకుని, ముందు వరసలో, ఒళ్ళో పర్సు పట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీ తమ్ముడి కోసం ఉంచలేదు. దానిమీద కోటు పెట్టింది. మూడు పాటలయ్యాక ఆయన కమాను దించి, మైకు దగ్గరికి జరిగి, ఫ్రెంచిలో ఏదో చెప్పాడు. ఎక్కువే చెప్పాడు. ఎవరో నవ్వారు. ఓనరమ్మ నవ్వలేదు, పర్సు మీద పిడికిలి మాత్రం బిగిసింది.

"ఏమన్నాడాంటీ?"

"ఈ పాట వాళ్ళ అక్క దగ్గర తీసుకున్నాడట. నిద్రలో."

"మీరే కదా!"

"ఏ అక్కో చెప్పలేదుగా," అంది ఆవిడ. "మేం నలుగురం."

ఆయన మొదలుపెట్టాడు. మొదటి సగం హాలంతా ఎగిరింది. రెండో సగం వచ్చింది. ఆ చోటికి రాగానే ఆయన ఎడమ కాలు లేచింది, కింద పడలేదు. పాట ముందుకి దూకింది. హాలంతా కాళ్ళు ఒకేసారి నేలకి కొట్టాయి, అక్కడ కొట్టడానికి దెబ్బే లేదు. ఒక పొడుగాటి మనిషి ఎదుటి ఆవిడని గుద్దుకున్నాడు. రెండు చదరాలు చెదిరిపోయాయి. గిటారు కుర్రాడు బిక్కచచ్చిపోయి ఆయన మొహంలోకి చూశాడు, పాపం వాడికి చెప్పినట్టు లేదు. ఆయన ఆగలేదు. రెండోసారీ అక్కడ అలాగే దూకాడు, మూడోసారీ అంతే. రికార్డింగు నడుస్తూనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నెల్లూరమ్మాయి తన రొట్టె కింద ఉన్న టిష్యూ తీసి ఇచ్చింది.

చప్పట్లు అంతంతమాత్రంగానే పడ్డాయి. ఆయన ఫిడేలు పట్టుకుని నేరుగా దిగి వచ్చి, అక్క ఎదుట నిలబడ్డాడు. ఇద్దరూ ఫ్రెంచిలోనే మాట్లాడుకున్నారు. అయినా నాకు ఒక్క ముక్క కూడా పోలేదు.

"రెండోసారి తొందరపడ్డావు," అంది ఆవిడ.

"చూపించు," అన్నాడు ఆయన.

ఆవిడ పక్క కుర్చీమీది కోటు తీసి నా ఒళ్ళో పడేసింది.